తాత పద్దు పుస్తకంలో వీశ, పదలం, ఏదుము, ఆమడ: ఇప్పటి లెక్కలో ఎంతెంత?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర మీ పాత ఇంట్లో ఇనప్పెట్టె తెరిస్తే, 1951లో మీ పెద్దత్తగారి పెళ్లికి తాతగారు రాసుకున్న పద్దు పుస్తకం దొరికింది. అందులో "బెల్లం 2 మణుగుల 3 వీశలు, చింతపండు వీశ పదలం, నెయ్యి అరవీశ ఏబలం, ధాన్యం పుట్టి ఏదుము 3 కుంచాలు, పట్టెడ 5 తులాలు" అని ఉంది. పట్టెడ అంటే మెడ నగ. చివరి పేజీలో ఒక మడి కొలత లింకుల్లో ఉంది. శ్రీకూర్మం బండి కిరాయి పక్కన "ఆమడ" అని ఉంది. ఇవన్నీ కిలోల్లో, కిలోమీటర్లలో ఎంతో చెప్పమన్నారు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒక్కో లెక్క ఉంది, ఏది నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది అన్నారు.

మా నాన్నది చీపురుపల్లిలో కిరాణా కొట్టు. నేను విజయనగరం వైపు నలభై ఏళ్లు దస్తావేజులు రాసి బతికాను. కాబట్టి ఈ మాటలు నాకు చిన్నప్పుడు తక్కెడ దగ్గర, పెద్దయ్యాక పాత కాగితాల్లో రోజూ తగిలినవే. ముందు ఒక్కటి చెప్పాలి. ఒక్కో చోట ఒక్కో లెక్క ఉండటం తప్పు కాదు. పాత కొలత ఏదైనా సరే, ఏ సరుకుకి, ఏ ఊళ్లో అన్నది తెలియకుండా దాని విలువ తేలదు. మీరు మొదట అడగాల్సింది "కిలోకి ఎంత" అని కాదు, "ఇది తూచిన సరుకా, కొలిచిన సరుకా" అని. బెల్లం, చింతపండు, నెయ్యి తూచేవి. ధాన్యం, చోళ్లు (రాగులు), ఉలవలు పాత్రతో కొలిచేవి. ఈ రెండు దారులూ కలిపేస్తే లెక్క ఎప్పటికీ తెగదు.

తూకాల సంగతి తేలిక, అది ముందు తేల్చేద్దాం. మన చెన్నపట్నం రాజధాని (మద్రాసు ప్రెసిడెన్సీ) లెక్కలో మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశ. అంటే వీశకి 120 తులాలు. తులం 11.66 గ్రాములు కాబట్టి వీశ ఇంచుమించు కిలో నాలుగువందలు. ఎనిమిది వీశలు మణుగు, అంటే 11 కిలోల 200. ఇరవై మణుగులు బారువ, దాన్నే పుట్టి అని కూడా అనేవారు. ఈ పుట్టి దగ్గర జాగ్రత్త, మళ్లీ వస్తాను.

ఇక పదలం, ఏబలం. మీరు వీటిని ఏదో సరుకు పేరనుకున్నారు. కావు. పది పలాలు కలిస్తే పదలం. ఐదు పలాలు ఏబలం. ఐదుకి పాత తెలుగులో "ఏను" అనే మాట ఉంది. ఏబది అన్నా, ఏనూరు అన్నా ఆ "ఏను"నుంచి వచ్చినవే. యాభై అని మనం రోజూ అంటున్నది కూడా ఆ ఏబదినే. కాబట్టి వీశకి నలభై పలాలు, అరవీశకి ఇరవై, పదలానికి పది, ఏబలానికి ఐదు. చూడండి, ప్రతిసారీ సగం చేసుకుంటూ దిగారు. దీనికి కారణం తక్కెడే. మీ దగ్గర ఒక్క వీశ రాయి తప్ప ఇంకేమీ లేకపోయినా, వీశ చింతపండు తూచి, దాన్ని రెండు పళ్లేల్లో సమానంగా పంచితే అరవీశ వచ్చేస్తుంది. దాన్ని మళ్లీ పంచితే పదలం. ఇంకోసారి పంచితే ఏబలం. పదోవంతు చేయాలంటే తక్కెడతో కుదరదు, సగం చేయడం ఎవరికైనా వస్తుంది. మా నాన్న కొట్లో వీశ, అరవీశ, పదలం రాళ్లు ఉండేవి. ఏబలం రాయి ఎలాగో పోయింది. ఎవరైనా ఏబలం అడిగితే ఆయన పదలం తూచి, ఆ సరుకునే రెండు పళ్లేల్లోకి పంచి ముల్లు నిలబడేదాకా అటూ ఇటూ చిటికెడు చిటికెడు మార్చేవారు. ముల్లు ఆగేలోపు కొన్నవాడు నాలుగు ఊళ్ల కబుర్లు చెప్పేసేవాడు.

ఇప్పుడు మీ పద్దు. బెల్లం 2 మణుగుల 3 వీశలంటే 19 వీశలు, 26 కిలోల 600 గ్రాములు. చింతపండు వీశ పదలం కిలో 750. నెయ్యి అరవీశ ఏబలం 875 గ్రాములు. పెళ్లికి ఈ నెయ్యి తక్కువ కదా అనుకుంటారేమో. బహుశా ఇంట్లో కాచింది పద్దులోకి ఎక్కదు, కొన్నది మాత్రమే ఎక్కుతుంది. పద్దు పుస్తకం ఎప్పుడూ ఖర్చే చెబుతుంది, వాడకం చెప్పదు.

మీరు రాయలేదు గానీ ఆ పుస్తకంలో ఎక్కడో ఒకచోట సేరు కూడా తగులుతుంది, అక్కడ చాలామంది బోల్తా పడతారు. మన వైపు కచ్చా సేరుకి 24 తులాలు, అంటే 280 గ్రాములు. ఐదు సేర్లు వీశ. ఉత్తరాది పక్కా సేరుకి 80 తులాలు, అంటే 933 గ్రాములు. 1939లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన తూకాల చట్టం ఈ 80 తులాల సేరునే ప్రమాణంగా పెట్టింది. ఆ సేర్లు నలభై కలిస్తే బెంగాలీ మణుగు, 37 కిలోల పైచిలుకు. మన మణుగుకి అది మూడింతలకన్నా ఎక్కువ. మీది మొదట్లో గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు మన తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి, శ్రీకాకుళం విడిగా జిల్లా అయింది 1950 ఆగస్టు 15న. కాబట్టి అటు బరంపురం వర్తకుడి చీటీ, ఇటు విజయనగరం వర్తకుడి చీటీ ఒకే పుస్తకంలో ఉండొచ్చు. తేల్చుకునే దారి ఒకటే. అదే పేజీలో వీశలు కూడా ఉంటే అది కచ్చా సేరు. సేరు, మణుగు మాత్రమే ఉండి వీశ ఎక్కడా లేకపోతే అనుమానించండి, ధర చూసి సరిపోల్చుకోండి.

అన్నట్టు, వీశా వీసమూ ఒకటేనా అని అడిగారు. కానే కాదు. వీశ బరువు. వీసం అంటే పదహారో వంతు, దేనిలోనైనా సరే. రూపాయిలో వీసం అణా. "కాని" అంటే అరవై నాలుగో వంతు, అందుకే రూపాయికి 64 కానులు. "వాడికి వీసమెత్తు బుద్ధి లేదు" అన్నప్పుడు కిలో నాలుగువందల బుద్ధి లేదని కాదు, పదహారో వంతు కూడా లేదని. పాత భాగస్వామ్య పత్రాల్లో "మూడు వీసాల వాటా" అని కనిపిస్తే పదహారింట మూడు అని చదువుకోవాలి. దీన్ని వీశ అనుకుని ఒకాయన నా దగ్గరికి, మిల్లులో తన తాతకి రావాల్సిన మూడు వీశల నూనె ఎవరిస్తారని వచ్చాడు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

బంగారం దగ్గర మాత్రం నవ్వులాట కాదు. తులం అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. 1835 నుంచి వచ్చిన కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) రూపాయి బరువు కూడా సరిగ్గా అంతే. అందుకే పల్లెల్లో "రూపాయెత్తు" అన్నా తులం అన్నా ఒకటే. రాయి లేకపోతే తక్కెడలో రాణి బొమ్మ రూపాయి వేసేవారు. ఇంకా చిన్న తూకానికి గురివింద గింజ ఉంది. తులానికి 96 రత్తులు. రత్తి అంటే మొదట ఆ గింజే, 0.12 గ్రాములు. ఇప్పుడు చాలా నగల కొట్లలో తులమంటే 10 గ్రాములు అనేస్తున్నారు. లెక్కకి సుఖం కాబట్టి అలా స్థిరపడిపోయింది. మన వైపు సవర, కాసు అంటే 8 గ్రాములు, అది ఇంగ్లీషు సవరన్ బరువుకి దగ్గరది. మీ పెద్దత్తగారి పట్టెడ 5 తులాలంటే 58.3 గ్రాములు. 50 గ్రాములని రాసుకుంటే ఒక కాసు పైనే ఎగిరిపోయినట్టు.

ఈ తప్పు చేసినవాడిని నేనే. వృత్తిలో కొత్త. ఒక పంపకం కాగితంలో పాత జాబితా చూసి "ఐదు తులాలు, అనగా 50 గ్రాములు" అని రాశాను. అక్కగారికి వచ్చిన వస్తువు తూస్తే 58 చూపించింది. చెల్లెలు "ఎక్కువ తీసుకుంది" అని గొడవ, అక్క "నాకు రాసిందే వచ్చింది" అని ఏడుపు. ఇద్దరిదీ తప్పు లేదు. నా "అనగా" అన్న మాటదే తప్పు. మళ్లీ కాగితం రాసి ఇచ్చాను, స్టాంపు ఖర్చు నా జేబులోంచే. ఆ రోజునుంచి పాత కాగితంలో ఉన్న కొలత ఉన్నట్టే రాసి, పక్కన వస్తువు ఇప్పుడు తూచిన గ్రాములు వేస్తున్నాను. మీరూ అంతే చేయండి. మార్చి రాయొద్దు, పక్కన రాయండి.

ఇప్పుడు ధాన్యం. అసలు చిక్కు ఇక్కడే, నాకు ఇష్టమైనది కూడా ఇదే.

గిద్దలు నాలుగు సోల, సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, మానికలు రెండు అడ్డ, అడ్డలు రెండు కుంచం. ఇక్కడా అంతా సగం సగమే. కుంచం పైన తూము. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. ఏను తూములు ఏదుము, పది తూములు పందుము. ఏబలం, పదలం ఎలా పుట్టాయో ఇవీ అలాగే పుట్టాయి. తూకంలో పుట్టి అంటే ఇరవై మణుగులు, కొలతలో పుట్టి అంటే ఇరవై తూములు. ఇందాక జాగ్రత్త అన్నది దీనికే. "పుట్టి చింతపండు" అంటే 224 కిలోలు, అది తూకం. "పుట్టి ధాన్యం" అంటే పాత్ర లెక్క, దాని బరువు పాత్రని బట్టే. నెల్లూరులో ఇప్పటికీ ధాన్యం ధర పుట్టికి చెబుతారు, అక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ఆ లెక్క ఇంటర్నెట్‌లో చూసి మీ పద్దుకి పెడితే మీ తాతగారు పెద్ద బుగత, అంటే భూస్వామి, అయిపోతారు.

మా ఇంట్లో మామ్మ నాటి ఇనప కుంచం ఇంకా ఉంది. మనవడు కరెంటు కాటా తెచ్చిన రోజు సరదాకి తూచాం. చదునుగా కొట్టి కొలిస్తే ధాన్యం రెండు కిలోల 600 దాకా వచ్చింది, బియ్యం మూడు కిలోల 600 దాకా వచ్చింది. పాత్ర ఒకటే, బరువు వేరు. ధాన్యానికి ఊక ఉంటుంది, గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది. అదే కుంచాన్ని గోపురంలా పోసి కొలిస్తే ఆ లెక్క కూడా మారిపోయింది. కల్లంలో గొడవలన్నీ ఆ గోపురం దగ్గరే. అప్పు ఇచ్చేటప్పుడు చదును, తీసుకునేటప్పుడు గోపురం అని కంబారి వాళ్లు (పాలేర్లు) గొణుక్కోవడం నేను చిన్నప్పుడు విన్నదే.

కల్లంలో కొలిచేవాడు ఒకటి అనేవాడు కాదు. మొదటి కుంచం పోస్తూ "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు... ఏడు రాగానే "ఆరున్నొకటి". ఏడు అంటే ఏడుపు కదా, పంట ముందు ఆ మాట రాకూడదు. నేను పక్కన కూర్చుని బొగ్గుతో గీతలు గీసేవాడిని. మీ పుస్తకంలో ఎక్కడైనా అంకెల వరసకి ముందు "లా" అని ఉంటే కంగారు పడకండి, అది ఒకటే.

మీ తాతగారు ఏదుము అన్న మాట వాడారంటే తూములు లెక్కపెట్టారన్నమాట. పుట్టి ఏదుము అంటే 25 తూములు. తూముకి ఎన్ని కుంచాలు? మా ఇంట్లో నాలుగు. ఆ లెక్కన మీది 103 కుంచాలు, మా కుంచంతో అయితే 268 కిలోలు, ఇప్పటి 80 కిలోల బస్తాలు మూడున్నరకి కొంచెం తక్కువ. కానీ మీ ఊరి తూము నాలుగేనని నేను హామీ ఇవ్వను. అది పుస్తకమే చెబుతుంది. కూడికలు చూడండి. కుంచాల వరసలో మూడు దాటి నాలుగు ఎక్కడా కనిపించకుండా, నాలుగు రాగానే తూము వరసలోకి ఒకటి ఎక్కితే తూముకి నాలుగు. ఐదూ ఆరూ కూడా కనిపిస్తే ఇంకా పెద్ద తూము. బెల్లం వరసలోనూ వీశలు ఎనిమిది రాగానే మణుగు ఎక్కిందో లేదో సరిచూసుకోండి. పాత పద్దు చదవడంలో నాకు తెలిసిన గొప్ప ఉపాయం ఇదే. మొత్తం వేసే చోట ఆ మనిషి మనసులో ఉన్న లెక్క దాగదు. పుస్తకాల్లో ఎక్కాలు తర్వాత, ఆ మనిషి కూడిక ముందు.

భూమిని కూడా ఇలాగే చెప్పేవారు. "తూమెడు నేల", "పుట్టెడు నేల" అంటే అంత విత్తనం చల్లే నేల. జమీందారీ ఎస్టేట్ల కాలం కాగితాల్లో ఎకరాలు లేకుండా చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), విత్తనం మాత్రమే ఉంటే ఇప్పుడు సర్వే నంబరుతో కలపడం తలనొప్పే. మీ అదృష్టం, మీ పుస్తకంలో లింకులు ఉన్నాయి. సర్వే గొలుసు 66 అడుగులు, దానికి వంద లింకులు. పొడవు లింకుల్ని వెడల్పు లింకులతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే నేరుగా సెంట్లు వస్తాయి. మీది 250 లింకులు, 160 లింకులు అన్నారు. 40,000, అంటే 40 సెంట్లు. అడుగుల్లోకి మార్చి 435.6తో భాగించినా అదే వస్తుంది, ఊరికే చెమట. ఇది నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న మడికే సుమా, వంకర మడికి కాదు.

చేతి కొలతలు మీకు తెలిసినవే, త్వరగా దాటేస్తాను. జాన తొమ్మిది అంగుళాలు, మూర పద్దెనిమిది, గజం ముప్పై ఆరు, రెండు చేతులూ బార్లా చాపితే బార, ఆరడుగులు. మన తీరంలో వలవాళ్లు నీటి లోతు ఇప్పటికీ బారల్లోనే చెబుతారు, తాడు చేతులతో లాగుతూ లెక్కపెడతారు కాబట్టి. బజారులో పూలమ్మే ఆవిడ మూర మాత్రం ఎప్పుడూ పద్దెనిమిది అంగుళాలకి రాదు. ఆమె చెయ్యి పొట్టి అనుకుని ఊరుకోవడమే.

ఆమడకి నాలుగు కోసులు. కోసు రెండు మైళ్లకి అటూ ఇటూ. ఆ లెక్కన ఆమడ ఎనిమిది నుంచి పది మైళ్లు, 13 నుంచి 16 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం సుమారు 13 కిలోమీటర్లు. కాబట్టి ఆ "ఆమడ" శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మానికి వేసిన కిరాయి అయి ఉంటుంది, నరసన్నపేట నుంచి అయితే కుదరదు. ఆమదాలవలస పేరులో ఉన్నది ఆమడే అని మీ ఫ్రెండు అన్నాడట, నాకు అలా అనిపించదు. ఆముదాలవలస అని పూర్తిగా రాసి చూడండి, ఆముదం కనిపిస్తుంది.

మన దేశంలో కిలోలు, మీటర్లకి చట్టం 1956లో వచ్చింది. తూకాలు 1958 అక్టోబర్ నుంచి దశలవారీగా మారాయి, 1962 నాటికి పాత రాళ్లు చట్టం ప్రకారం చెల్లవు. మా కొట్లో కిలో రాళ్లు వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాణ్ని. ముసలమ్మలు వచ్చి "వీశ బెల్లమియ్యి బాబూ" అనేవారు. నాన్న కిలో రాయి మీద రెండు రెండువందల రాళ్లు పెట్టి తూచేవారు. వాళ్లు ఆ మూడు రాళ్లనీ అనుమానంగా చూసి, బెల్లం చేత్తో ఎత్తి, బరువు చూసుకుని అప్పుడు డబ్బులిచ్చేవారు.

దూరం మాత్రం మా మామ్మ కిలోమీటర్లలో ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మెట్టవలస ఎంత దూరమే అంటే "రెండు చుట్టలు" అనేది. ఎండాకాలమైతే మూడు.